దాచుకుంటేనే సైనికుడా?

నల్లగొండ ఎన్‌జీ కాలేజీ మైదానంలో తెల్లవారకముందే కుర్రాళ్ల పరుగు మొదలవుతుంది. 1,600 మీటర్ల పరుగు, బీమ్‌పై పుల్‌అప్స్, 9 అడుగుల గుంత దాటడం: సైనిక ర్యాలీలో వారి సత్తాను కొలిచేవి ఇవే. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ కనుక, సైన్యమంటే ఈ నేలకు ఇంటి మాట. ఆ పరుగెత్తే వారిలో స్వలింగ ప్రేమికుడు ఉంటే అతని కాళ్లకు సత్తువ తగ్గదు. కానీ ఆ సంగతి పొక్కిన రోజున అతని ఉద్యోగానికే ఎసరు వస్తుంది.

పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. నాలుగు నెలలకే, నాటి సైనిక దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ సైన్యంలో దానికి తావులేదని విలేకరులకు చెప్పారు. 1950 నాటి సైనిక చట్టం 46వ సెక్షన్ ‘అసహజ’ ప్రవర్తనకు ఏడేళ్ల వరకూ జైలు విధించవచ్చంటోంది. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణ కింద పార్లమెంటుకు ఉన్న మాట నిజమే. అధికారం ఉన్నంత మాత్రాన ఈ కుదింపు న్యాయమైపోదు.

ఒకే బ్యారక్‌లో కలిసి బతికే జవాన్ల క్రమశిక్షణ దెబ్బతింటుందన్న ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే తప్పుగా ప్రవర్తించిన వారెవరైనా శిక్షార్హులే. ఏ తప్పూ చేయని వాడిని అతని మనసును బట్టి వెలివేయడం క్రమశిక్షణ అనిపించుకోదు. పైగా, రహస్యం మోస్తున్న జవానును బెదిరించి లొంగదీసుకోవడం శత్రువుకు సులువు.

జనంలో సైన్యం పరువు పోతుందన్నది మరో వాదన. అమెరికా 1993 నుంచి 2011 వరకు, స్వలింగ ప్రేమ సంగతిపై నోరు విప్పకుంటేనే కొలువు అన్న నిబంధనతో 13 వేల మందికి పైగా సైనికులను సాగనంపింది. ఇరాక్ యుద్ధం నడుస్తుండగా, అరబిక్ తెలిసిన అనువాదకులనూ వదులుకుంది. అబద్ధమాడని సైనికుడిని గౌరవించాల్సిన వ్యవస్థ, నిజం చెప్పినందుకే ఇంటికి పంపింది. బ్రిటన్ 2000 జనవరిలో నిషేధం ఎత్తివేసింది. అంతకుముందు గెంటేసిన వారిలో కొందరి పతకాలు కూడా లాక్కుంది. చివరికి 2023 జూలైలో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పరువు పోయింది ఆ సైనికుల వల్ల కాదు, వారిని వెళ్లగొట్టడం వల్ల.

మన సైన్యానికి అలాంటి రోజు రాకూడదన్నదే మా ఆరాటం. 46వ సెక్షన్‌ను సవరిస్తారా, లేదా అని నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు రక్షణ మంత్రిని సభలో సూటిగా అడగాలి.