కోసేది ఆక్సిజన్, గొడవంతా గ్యాస్ మీద

"డీఏ మంటకి వేడెక్కువ, కాబట్టి తొందరగా కోస్తుంది." ఇనుప ప్లేట్లను గ్యాస్‌తో కోసే ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డుకెళ్లినా ఇదే మాట. డీఏ అంటే సిలిండర్‌లో కరిగించి నింపిన ఎసిటిలీన్ (డిజాల్వ్డ్ ఎసిటిలీన్), దానికి పోటీ ఎల్పీజీ. అందులో సగమే నిజం. ఆక్సిజన్‌తో ఎసిటిలీన్ మంట 3,150 డిగ్రీల దాకా పోతుంది, ఎల్పీజీది 2,800 చిల్లర. కానీ ఇనుము అంటుకోడానికి 900 డిగ్రీలు చాలు. మంటతో ఎరుపెక్కాక టార్చ్ మీది లివర్ నొక్కితే ప్లేటును కోసేది ఆక్సిజన్ ధారే. 99.5 శాతం ఉండాల్సిన దాని స్వచ్ఛత ఒక్క శాతం తగ్గితే కోత వేగం పావు వంతు పడిపోతుంది. ఈ సంగతి సప్లయర్‌ని అడిగేవాడు ఒక్కడూ కనబడడు!

స్క్రాప్, మందం ప్లేట్లు, పొడుగు కోతలు ఉన్నచోట నా ఓటు ఎల్పీజీకే. మొదట ఎరుపెక్కడానికి కొన్ని సెకన్లు ఆలస్యం, అంతే. పై అంచు కరిగి గుండ్రమవదు, అడుగున అంటుకునే స్లాగ్ (కరిగిన చిట్టెం) సుత్తితో తడితే ఊడొస్తుంది. అడుగడుగునా కన్నాలు కొట్టే పని, లేదా అదే సెట్టుతో గ్యాస్ వెల్డింగ్ కూడా కావాలంటే డీఏ ఉంచుకోండి. ఎల్పీజీతో స్టీలు వెల్డింగ్ కుదరదు, బ్రేజింగ్ (ఇత్తడి లాంటిది కరిగించి అతకడం) వరకే.

ఒళ్లు మండేది ఎక్కడంటే, గ్యాస్ మార్చి, టార్చ్ కొసన మంట వచ్చే నాజిల్ మార్చకపోవడం దగ్గర. డీఏకి వాడే ఏఎన్ఎం రకం నాజిల్ ఒకే ముక్క, మూతి చదునుగా ఉంటుంది. ఎల్పీజీకి వాడే పీఎన్ఎం రకం రెండు ముక్కలు: లోపలి దాని చుట్టూ సన్నని గాడులు, దాని మూతి బయటి తొడుగు కంటే కాస్త లోపలికి. ఎల్పీజీ నెమ్మదిగా మండుతుంది కాబట్టి మంటను పట్టి నిలిపేది ఆ గుంటే. ఏఎన్ఎంలో పెడితే మంట నాజిల్ వదిలి ఎగిరిపోతుంది, టపటపమని ఆరిపోతుంది. అప్పుడు "ఎల్పీజీ పనికిరాదు" అని తీర్పు! హోసూ అంతే, ఎసిటిలీన్‌కి మాత్రమే చేసినదైతే ఎల్పీజీకి లోపలి రబ్బరు పాడవుతుంది.

సిలిండర్ ధర చూసి లాభం లెక్కేసేవాళ్లు ఆక్సిజన్ కూడా కలపాలి. ప్రీహీట్‌కి (కోతకు ముందు ప్లేటును ఎరుపెక్కించే మంటకి) డీఏ ఒక వంతుకి ఆక్సిజన్ ఒక వంతు చిల్లర చాలు, ఎల్పీజీకి దాదాపు నాలుగు వంతులు. ఎరుపెక్కాక కూడా ప్రీహీట్ బారుగా తెరిచి ఉంచితే మిగులు అక్కడే ఆవిరి.

హోస్‌లో డీఏ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ దాటనివ్వొద్దు, దాటితే ఆక్సిజన్ లేకుండానే పేలగలదు. గంటకి సిలిండర్‌లో ఏడో వంతుకి మించి లాగితే గ్యాస్‌ని కరిగించి ఉంచే ద్రవం అసిటోన్ కూడా వస్తుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే గోతిలో, పిట్‌లో చేరుతుంది. అక్కడ టార్చ్ వెలిగించే ముందు గాలి ఆడేలా చూడండి. పెద్ద నాజిల్‌తో గంటల తరబడి వేడిచేస్తే సిలిండర్ మీద మంచు పేరుకుని ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు దాన్ని పడుకోబెట్టకండి, హోస్‌లోకి ద్రవమే వస్తుంది. 19 కేజీల సిలిండర్లు రెండు మానిఫోల్డ్‌కి (రెండింటినీ కలిపే ఉమ్మడి పైపుకి) కలపండి.