ఫారిన్‌లో ఉండొస్తేనే బ్రాండింగ్ వస్తుందా?

కొన్ని వారాలుగా మా వరంగల్ డిజైనర్ల ఫోన్లలో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: విదేశాల్లో ఉండి వచ్చినవాడికే బ్రాండింగ్ తెలుస్తుంది, అక్కడి స్టైల్ తెచ్చి ఇక్కడ పెట్టాలి, హనుమకొండ చౌరస్తాలో బోర్డులన్నీ రంగుల గోల, తెల్లటి ఖాళీ వదిలితే కిరాణా కొట్టు కూడా ప్రీమియం అయిపోతుంది, పేరు ఇంగ్లీష్‌లో ఉంటేనే గ్లోబల్, మన చేనేత ఎదగనిది మంచి లోగో లేకే. షాపుల వాళ్లు దీన్ని మాకు పంపి "అన్నా, మనది గూడ గిట్లనే చేద్దాం" అంటున్నారు. కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

పరాయి దేశంలో ఉంటే డిజైనర్ చూపు మారుతుందన్నది నిజమే. ఏం మారుతుందన్న దగ్గరే ఆ పోస్టు దారి తప్పింది.

మొదటి మాట, విదేశంలో ఉన్నవాడికే తెలుస్తుందన్నది. స్టేట్ బ్యాంక్ నీలి గుండ్రం 1971లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) నుంచి వచ్చింది, గీసింది శేఖర్ కామత్. రూపాయి గుర్తు 2010లో ఐఐటీ బాంబేలో పరిశోధన చేసిన ఉదయకుమార్ ఇచ్చాడు. మన తెలంగాణ రాష్ట్ర చిహ్నం 2014లో చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ వేశారు. ఈ మాటకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

రెండోది, అక్కడి స్టైల్ ఇక్కడికి తేవాలన్నది. పోస్టు రాసినాయన లాన్స్ వైమన్ పని చూసి ఉంటే ఈ ముక్క రాసేవారు కాదు. వైమన్ అమెరికన్. 1966లో మెక్సికో వెళ్లి, 1968 ఒలింపిక్స్‌కి గుర్తింపు, అంటే లోగో, అక్షరాలు, బొమ్మలు డిజైన్ చేశాడు. న్యూయార్క్ స్టైల్‌ని సూట్‌కేసులో పెట్టుకుపోయి అక్కడ దించలేదు. ఆ దేశపు పాత శిల్పాలు చూశాడు. హుయిచోల్ గిరిజనులు రంగు దారాలతో చేసే బొమ్మలు చూశాడు. అలలు అలలుగా గీతలు పాకే ‘మెక్సికో 68’ అక్షరాల్లో కంటిని భ్రమింపజేసే అప్పటి ఆప్ ఆర్ట్‌తో పాటు ఆ దారాల పనీ కనిపిస్తుంది. తర్వాత మెట్రో పని. 1969లో మొదలైన మెక్సికో సిటీ మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ పేరుతోపాటు ఒక బొమ్మ ఉంటుంది. చాపుల్తెపెక్‌కి మిడత. పీనో స్వారెస్ దగ్గర తవ్వుతుంటే ఆ దేశపు పాతకాలం వాళ్లైన అజ్టెక్‌ల చిన్న గుడి బయటపడింది, ఆ గుడే ఆ స్టేషన్ బొమ్మ అయింది. చదువు రాని కూలీ, స్పానిష్ రాని టూరిస్టు ఇద్దరూ అదే బొమ్మ చూసి రైలు దిగొచ్చు.

పరాయి దేశం డిజైనర్‌కి నిజంగా ఇచ్చేది ఇది: చదవడం రాని కస్టమర్‌గా కొన్నాళ్లు బతకడం. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో గల్ఫ్ పోయిన మన తమ్ముళ్లని అడగండి. అరబిక్ రాదు, ఇంగ్లీష్ అంతంతే. కొత్తలో పాలేవో పెరుగేదో డబ్బా రంగు చూసి, మూత చూసి పోల్చుకుంటారు. (పోస్టులో విదేశం అంటే లండన్, న్యూయార్కే. దుబాయ్‌లో ఏళ్ల తరబడి బోర్డులు బిగించినవాళ్లు లెక్కలోకి రారు కాబోలు!) ఆ ఇబ్బంది పడ్డ డిజైనర్ తిరిగొచ్చి ఎనుమాముల మార్కెట్ వైపు విత్తనాల షాపులో నిలబడితే, పేరు చదవకుండా "గా ఎర్ర పాకెట్ ఇయ్యి" అనే రైతు కొత్తగా కనిపిస్తాడు. అయితే దీనికి వీసా తప్పనిసరేం కాదు. 1951-52 ఎన్నికల్లో పార్టీలకు గుర్తులిచ్చినవాళ్లకు ఈ సంగతి అప్పుడే తెలుసు.

ఇక ఖాళీ వదిలితే ప్రీమియం అన్న మాట. 2009లో అమెరికాలో ట్రాపికానా తన జ్యూస్ డబ్బా మీద స్ట్రా గుచ్చిన నారింజను తీసేసి, సింపుల్‌గా గ్లాసు బొమ్మ పెట్టింది. షెల్ఫులో తమ జ్యూస్ ఏదో జనానికి తెలియలేదు. రెండు నెలల్లోనే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, పాత డబ్బా తిరిగొచ్చింది. అమెరికాలోనే అట్లయితే, రోజంతా దుమ్ము లేచే స్టేషన్ రోడ్డులో తెల్ల బోర్డు వానాకాలం దాకా తెల్లగా ఉంటుందా?

మన బోర్డుల్లో గోల ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది రంగుల వల్ల కాదు. పెయింటర్ బ్రష్‌తో రాసిన రోజుల్లో అక్షరం పెరిగితే పని పెరిగేది, కూలీ పెరిగేది. అందుకే షాపు పేరు, సరుకు, ప్రొప్రైటర్ పేరు రాసి ఆపేవారు. ఫ్లెక్స్‌కి రేటు చదరపు అడుగు లెక్క. అందులో ఎంత కుక్కినా అదే డబ్బు. దాంతో ఓనర్ ఫొటో, కొడుకు ఫొటో, ఇద్దరు దేవుళ్లు, మూడు ఫోన్ నంబర్లు, ఉన్న సరుకంతా ఒకే సైజులో ఎక్కి కూర్చున్నాయి. ఏది ముందు కనపడాలో తేల్చుకుంటే ఎరుపు, పసుపు అట్లాగే ఉన్నా బోర్డు చక్కగా చదవొస్తుంది.

ఇంగ్లీష్ ఉంటేనే గ్లోబల్ అన్నదానికి దుబాయే జవాబు. ఎంత పెద్ద అమెరికన్ కంపెనీ అయినా అక్కడ షాపు బోర్డు మీద అరబిక్ ఉండాల్సిందే. మన రాష్ట్ర చిహ్నంలో ఆ చిన్న గుండ్రంలోనే తెలుగు, ఇంగ్లీష్, ఉర్దూ ఇమిడాయి. తెలుగు బోర్డు వికారంగా ఉందంటే తప్పు చాలాసార్లు భాషది కాదు, ఇంగ్లీష్ కొలతలతో పేర్చినవాడిది. ‘లక్ష్మీ’ తీసుకోండి. పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. వరుసల మధ్య ఇంగ్లీష్‌కి సరిపోయేంత జాగానే ఇస్తే ఆ వత్తులు పోయి కింది వరుసలోని ‘కిరాణం’ గుడికి తగులుతాయి. స్టైల్ కోసం అక్షరాల మధ్య జాగా పెంచితే ఇంకా ఘోరం: డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో వత్తు విడి ముక్క కాబట్టి తన అక్షరాన్ని వదిలి పక్కకు జరిగిపోతుంది. ఇంగ్లీష్‌లో అన్నీ క్యాపిటల్స్ పెట్టి గంభీరం తెస్తారు, మనకు క్యాపిటల్స్ లేవు. ఆ బరువు అక్షరం మందంతోనో సైజుతోనో తేవాలి. ఈ పని ఇక్కడ కూర్చుని నేర్చుకోవాల్సిందే.

చివరిది చేనేత. వరంగల్ కొత్తవాడలో నేసే తివాచీ లోగో లేక ఆగిపోయిందట! ఆ తివాచీలకు ‘వరంగల్ డర్రీస్’ పేరుతో 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. జీఐ అంటే ఊరి పేరే బ్రాండు, అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్లకే ఆ పేరు వాడే హక్కు. తివాచీకి కావలసింది కొత్త లోగో కాదు. ఏ మగ్గం మీద నేశారో, నూలుదో ఉన్నిదో, ఎట్లా ఉతకాలో, జీఐ ముద్రతో సహా చెప్పే చిన్న గుడ్డ చీటీ ప్రతి ముక్కకూ కుట్టి ఉండాలి. ఆ చీటీ మీద తెలుగు ఎంత సైజులో ఉండాలన్న దాని మీద గొడవ పడదామంటే నేను రెడీ.