వాసనకు గడి లేదు

రిటైరైన ప్రభుత్వోద్యోగికి మన సమాజం రెండే దారులు చూపిస్తోంది: గుడి కమిటీ, బీపీ మాత్ర. మూడో దారి కూడా ఉందని, దాని పేరు ఆర్కిడ్ అని మనవి చేసుకుంటున్నాను.

ముప్ఫై మూడేళ్ళు ఊరివాళ్ళ లెక్కల మీద ఎర్ర సిరాతో అభ్యంతరాలు రాసి, ఒక జూన్ 30 సాయంత్రం శాలువాతో శ్రీకాకుళంలోని ఇంటికి చేరాను. మర్నాడు పొద్దున ఇడ్లీ మీద అభ్యంతరం చెప్పాను. తర్వాత రెండ్రోజులు ఇడ్లీ లేదు. తప్పులు పట్టే విద్య చేతిలో ఉండీ, పట్టడానికి తప్పు దొరక్కపోతే మనిషి ఏమైపోవాలి?

నందివర్ధనం పెంచుకోవచ్చు కదా అన్నారు. నందివర్ధనాన్ని ఎవరు పెంచుతారండీ, అదే పెరుగుతుంది. అడక్కుండా పూసేదానికి విలువ ఉండదు. ఆర్కిడ్ అలా కాదు. గింజ నుంచి మొదలెడితే పువ్వు చూడ్డానికి ఏళ్ళు పడుతుంది. ఆ గింజ ధూళిలా ఉంటుంది, లోపల చద్దిమూట కూడా ఉండదు. అడవిలో ఏదో ఒక బూజు పక్కన చేరి తిండి పెడితేనే మొలుస్తుంది. పుట్టడానికే సిఫార్సు కావలసిన మొక్క! నాలాంటి వాడికి నచ్చక ఏం చేస్తుంది?

నేను కొన్న రకాలకు మట్టి పనికిరాదు. బొగ్గులు, కొబ్బరి పీచు ముక్కలు కావాలి. ఉద్దానంలో మా చుట్టాల పెరడు నిండా కొబ్బరి పీచే. అయినా నేను ప్యాకెట్లో వచ్చినదే కొన్నాను. దాని మీద ‘ఆర్కిడ్ గ్రేడ్’ అని అచ్చువేసి ఉంది మరి. కుండీ నిండా బొగ్గులు చూసి మా ఇల్లు ఊడ్చే అప్పమ్మ, “ఇదేటి బావూ, కుంపట్లో మొక్కెట్టినారు?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

వేళ్ళు మాత్రం చూసి తీరాలి. ఎండినప్పుడు ఉతికిన పొందూరు ఖద్దరులా తెల్లగా ఉంటాయి. నీళ్ళు పడ్డ నిమిషంలో లోపలి నుంచి పచ్చదనం పైకి తేలుతుంది. నేను రోజూ కుర్చీ వేసుకుని అదే చూస్తాను. నీళ్ళు పోసేది మా ఆవిడ.

కొన్నవాటిలో ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం ఒకటి. రాత్రుళ్ళు కాస్త చల్లబడితే తప్ప అది పూల కాడ వేయదు. మన ఊళ్ళో ఆ చలి సంక్రాంతి ముందు నాలుగు రోజులు తొంగిచూసి పోతుంది. అందుకని మొక్కను ఏసీ గదిలో పెట్టి, మేమిద్దరం వరండాలో పడుకున్నాం. దోమలు మా ఆవిడనే కుట్టాయి. ఆ విషయం ఇప్పటికీ నడుస్తోంది.

పెంచడం గుమాస్తా పని, అసలు హోదా జడ్జీది. 1921లో పుట్టిన అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ పువ్వుకు నూటికి మార్కులు వేయిస్తుంది. 75 వస్తే ఒక సర్టిఫికెట్, 80 వస్తే అవార్డు, 90 వస్తే ఫస్ట్ క్లాస్. ఆకారానికి 30, రంగుకు 30, మిగతా 40లో సైజు, రేకుల దళసరి, పూల సంఖ్య వగైరా. రేకుల్ని స్కేలు పెట్టి కొలుస్తారు. అదే రకానికి ఇదివరకు వచ్చిన అవార్డుల రికార్డు తిరగేస్తారు. అంటే పూర్వపు ఉత్తర్వులు! చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. జడ్జీ కావాలంటే ఏళ్ళ తరబడి శిక్షణ, ప్రొబేషన్, అదీ జీతం లేకుండా. ఇంకొక అర్హత కూడా ఉంది. ఆర్కిడ్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం పెద్దల ముందు చెప్పేది కాదు. నేలలో పెరిగే రకాలకు ఉండే దుంపల జతను చూసి పెట్టారట. అది తెలిసి కూడా నవ్వకుండా నిలబడగలగాలి.

నాకా శిక్షణ లేదు. అయినా ఊళ్ళో పూల ప్రదర్శన పెట్టినవాళ్ళు నన్నే జడ్జీగా పిలిచారు. వచ్చిన ఆర్కిడ్లు మూడు. రెండు నావి, ఒకటి మా బావమరిదిది. సొంత మొక్కకు మార్కులు వేయకూడదు కాబట్టి హుందాగా పక్కకు తప్పుకుని, బావమరిది మొక్కకు 61 వేశాను. నా రెండింటికీ అతనే మార్కులు వేశాడు. మా ఇంటికి రావడం మానేశాడు.

అన్నట్టు, పాలకొండ అవతల మా తాతగారి ఊళ్ళో మామిడి చెట్టు మీద బదనిక ఉండేది. (2022లో ఆ ఊరు మన్యం జిల్లాలోకి పోయింది, చెట్టు మాత్రం కదల్లేదు.) గళ్ళ లుంగీ లాంటి పసుపు, గోధుమ రంగు రేకులు, మధ్యలో ఊదా నాలుక, కమ్మటి వాసన. దాని వేరు నూరి కీళ్ళ నొప్పులకు పట్టు వేసేవారు. చెట్టు రసం తాగేస్తోందని మా పెదనాన్న దాన్ని పీకించేశాడు. అది కొమ్మ పట్టుకుని వేలాడుతుందే తప్ప చెట్టు నుంచి చుక్క తాగదు. దాని పేరు వాండా టెసెల్లాటా అని, ఆర్కిడ్ పుస్తకాల్లో పెద్ద కుటుంబమేనని మొన్న తెలిసింది. అలాంటి వాండానే ఒకటి నేను 850 రూపాయలు పోసి తెప్పించుకున్నాను.

కిందటి వారం ఫెలనాప్సిస్ పూసింది. ఒకే కాడకు ఎనిమిది పూలు. మల్లెపూలమ్మి గుమ్మంలోకి రాగానే పిలిచి చూపించాను. ముక్కు ఆనించి పీల్చింది.

“వాసన నేదేటి బావూ?”

“మార్కుల పట్టికలో వాసనకు గడి లేదమ్మా.”

కాడ పక్కన మోచెయ్యి ఆనించి కొలిచింది. “మూరెడు కూడా నేదు.” మల్లెల మూర గుమ్మం మీద పెట్టి చెయ్యి చాపింది. “నిన్నటిది, ఇయ్యాల్టిది కలిపి నలభై.”

అభ్యంతరమేమీ రాయకుండా మంజూరు చేశాను.