మోకాలి కుంటను ప్లాట్లు చేద్దాం

ముందుగాల ఒక మనవి. ఈ వ్యాసం పూర్తిగ ప్రజాహితం కోరి రాస్తున్నది. ఇందుల నా సొంత లాభం ఏం లేదు, సొంత మోకాలు తప్ప.

సంక్రాంతికి రెండు రోజుల ముందు సంగతి. హన్మకొండల మా ఇంట్ల సకినాలు సుడుతున్నరు. హాలంత తెల్లబట్టలు పరిచిన్రు, మా మేనత్త, మా చెల్లె, పక్కింటి వదినె గొంతుక్కూసోని నువ్వులు ఓమ కలిపిన తడిపిండిని వేళ్ళ సందుల నుంచి మెలిపెట్టుకుంట గుండ్రంగ తిప్పుతున్నరు, చూస్తుంటె మస్తు అల్కగ అనిపించింది. నేను గూడ సుడత అని కూసున్న. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, పదిహేనేండ్ల సంది ఆఫీసు కుర్చీ, బండి సీటు, సోఫా తప్ప ఇంకో ఆసనం ఎరుగను, ఏ ధైర్యంతోటి కూసున్ననో ఇప్పటికి సమజ్ కాలే. మూడు సుట్టిన, మూడూ వంకరే. "లేవురా ఇగ, బట్ట ఖరాబు చేస్తున్నవ్" అన్నది అత్త. లేసిన. లేసుకుంటనే మిగిలిన పిండి ఎవలకో అందియ్యబోయి పక్కకు తిరిగిన. మోకాలు ఎనక టక్కుమన్నది. ఆ సప్పుడుకు ఎవల సకినం ఇరిగిందా అని అందరు కిందికి చూసిన్రు.

"గుజ్జు అరిగింది" అన్నది అత్త. ఎక్స్‌రే లేదు, ఎంఆర్ఐ లేదు, చేతికి పిండి గూడ కడుక్కోలే.

మన దిక్కు మోకాలికి ఉన్నది ఒకటే జబ్బు, గుజ్జు అరుగుడు. కబడ్డీల కింద పడ్డా గుజ్జే, మెట్ల మీద జారినా గుజ్జే, ఎనభై ఏండ్లొచ్చినా గుజ్జే. మామిడిపండు లెక్క లోపల ఏదో ఊరుతుంటదని, వయసొస్తె అది ఎండుతదని మన నమ్మకం. మూడు రోజులకు నా చేతికొచ్చిన రిపోర్టుల మాత్రం గుజ్జు అన్న మాటే లేదు. మీడియల్ మెనిస్కస్, పోస్టీరియర్ హార్న్, చిరుగు అని ఉన్నది. అంటె లోపలి దిక్కు మెత్త, దాని ఎనక కొస, చినిగింది. అది గూడ ఒక్కనాడు సకినాలకు చినిగింది కాదట, ఏండ్ల సంది నలిగి నలిగి ఉన్నదట, సకినం వట్టి సాక్షి మాత్రమే.

ఈ మెత్త ఏందో తెలుసుకోవాల్నంటె ఇంజినీరింగ్ పుస్తకం అక్కర లేదు, పాత ఇంట్ల వంటర్ర గుర్తున్నోళ్ళకు చాలు. తొడ బొక్క కింది కొస కుండ అడుగు లెక్క గుండ్రం. దాని కింద కాలి బొక్క పైభాగం దాదాపు సాపు. కుండను బండ మీద ఉత్తగ పెడితె ఒక్క చుక్క కాడ ఆనుతది, బరువంత ఆ చుక్క మీదనే, దొర్లుడు అదనం. అందుకే మన అవ్వలు గడ్డి పేని కుదురు చేసి కుండ కింద పెట్టిన్రు. మెనిస్కస్ అంటె గదే, కుదురు. ఒక్కో మోకాల్ల రెండుంటయ్. బయటి దిక్కుది దాదాపు పూర సకినం, లోపలి దిక్కుది సగం కొరికిన సకినం.

కుండ బరువు దిగితె కుదురు బయటికి జారబోతది. అప్పుడు దాంట్ల సుట్టూ తిప్పిన పోసలు బిగుసుకోని ఆపుతయ్, ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా పట్టుకున్నట్టు. దీనికి చదువుకున్నోళ్ళు హూప్ స్ట్రెస్ అని పేరు పెట్టిన్రు, అవ్వలు పేరు పెట్టలే, కుండ పెట్టిన్రు. కాలు సాపుగ ఉన్నప్పుడు మోకాలు మీద పడే బరువుల సుమారు సగం ఈ కుదుర్లే మోస్తయ్, 90 డిగ్రీలు వంచితె 85 శాతం దాక పోతది. నేను అంతకన్న ఎక్కువ వంచి, పూర కూసోని, ఆపైన తిరిగిన. నా తప్పును మీ అందరి ముందు ఒప్పుకుంటున్న.

సరే, అసలు నా అభిప్రాయానికి వస్త. చినిగింది గద, కోసి పారేద్దాం. ఇది నా ఒక్కని మాట కాదు. 19వ శతాబ్దం చివర బ్లాండ్ సట్టన్ అని ఇంగ్లండ్‌ల పెద్ద సర్జన్, ఇవి కాలి కండరాల పనికిరాని అవశేషాలు అని రాసిండు. ఎంత దూరదృష్టి! పనికిరానిది, ఖాళీగున్నది, అడిగేటోడు లేడు. మా వరంగల్‌ల కుంటలను చూసి మన రియల్ ఎస్టేటోళ్ళు అన్నది అక్షరం పొల్లు పోకుంట ఇదే మాట. కాకతీయులు ఒక చెరువు నిండితె ఇంకోదాంట్లకు పోయేటట్టు గొలుసుకట్టు కట్టిపోయిన్రు, మనోళ్ళు ఎండకాలం చూసి, నీళ్ళెక్కడున్నయ్ అన్న, పనికిరాని జాగ, రెండు వందల గజాల లెక్క కొట్టున్రి అన్నరు.

అట్ల ఇరవయ్యో శతాబ్దంల సగానికి పైగ మెనిస్కస్‌ను మొత్తానికి మొత్తం పీకుడు మామూలు ఆపరేషన్ అయిపోయింది. 1948ల ఫెయిర్‌బ్యాంక్ అనే ఆయన, పనిలేక కాదు పాపం, అట్ల తీపిచ్చుకున్నోళ్ళ ఎక్స్‌రేలు ముందలేసుకోని చూసిండు. సందు ఇరుకైంది, తొడ బొక్క గుండ్రం సాపైంది, అంచుకు బొక్క గట్టు లెక్క పెరిగింది. ఎందుకు పెరగదు, కుదురు తీసినంక కుండ బండ మీదనే గద. ఆనే జాగ సగానికన్న తక్కువైతది, ఒత్తిడి రెండు మూడింతలైతది, బరువు మాత్రం కిలో గూడ తగ్గది. 2020 ఆగస్టుల వాన కొట్టినప్పుడు నయీంనగర్ దిక్కు నాలా పొంగి కాలనీలకు కాలనీలు మునిగినయ్ చూడున్రి, ఆ నీళ్ళు గూడ ఎవల మీద కోపంతోటి రాలే. వాటికి లేఅవుట్ కాగితాలు చదవరాదు, అంతే.

మరి కుట్టొచ్చు గద అంటరు. 1883లనే ఎడిన్‌బరల అన్నండేల్ అనే సర్జన్ ఒక గని కార్మికుని మోకాల్ల మెనిస్కస్‌ను కుట్టిండు. అంటె కోసుడు కన్న కుట్టుడు కొత్త ఏం కాదు, మనకే ఓపిక లేదు. ఇంకో చిక్కున్నది, నీళ్ళ పంచాయతి. రక్తం బయటి అంచుకే వస్తది, పెద్దోళ్ళల్ల వెడల్పుల పావొంతు దాకనో ఇంకింత తక్కువనో. లోపలి అంచు అచ్చం మా కాల్వ కింది టెయిల్ ఎండ్ పొలం, మ్యాప్‌ల ఆయకట్టే, తూముల నీళ్ళు మాత్రం రావు. బయటి అంచున చినిగితె కుట్టు అతుకుతది, లోపలి అంచున చినిగితె కష్టం. ఆపైన చిరుగు ఎటు పోయిందో గూడ చూడాలె. పోసల వెంట పొడుగ్గ చీలితె కొంత నయం, అడ్డంగ బయటి అంచు దాక తెగితె కుదురు విచ్చుకుంటది. బొక్కకు ముడేసిన కొస ఊడితె ఇంక ఉన్నా లేనట్టే. 2008ల అచ్చయిన ఒక ప్రయోగంల శవాల మోకాళ్ళ మీద ఎనక కొస ఊడదీసి కొలిచిన్రు, మెనిస్కస్ మొత్తం తీసేస్తె ఎంత ఒత్తిడో అప్పుడూ అంతే, మళ్ళ కట్టినంక మామూలుకొచ్చింది.

మా చుట్టాల పిలగాడొకడు కబడ్డీ ఆడుకుంట కాలు మడత పడ్డది, చాపరాదు. బకెట్ చెవి లెక్క చీలి నడుమల ఇరికిందన్నరు. కుట్టిన్రు. కొన్ని వారాలు 90 డిగ్రీలు దాటి వంచొద్దు, గొంతుక్కూసునుడు నెలల దాక బంద్. టీమోళ్ళొచ్చి "అదేందన్నా, ఫలానోడు కోపిచ్చుకోని నెలన్నరకే కోర్టుల దిగిండు గద" అని నిలదీసిన్రు. వాడు మంచం మీద పండి తలకాయ ఊపిండు, ఏం జెప్తడు, ఇరవయ్యేండ్ల తర్వాతి మోకాలు ఫోటో ఇప్పుడు చూపెట్టరాదు గద.

నా కథ వేరు. నాది ఇరకలే, నలిగి చినిగింది. ఒక దవాఖాన్ల, పేరెందుకు, కౌంటర్ కాడి తమ్ముడు డాక్టర్ కన్న ముందే "పొద్దున అడ్మిట్ సార్, మాపటికి డిశ్చార్జ్, ప్యాకేజీ" అన్నడు. నా మనసు అటే గుంజింది. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతె ఆయన ఫిన్లాండ్ కథ చెప్పిండు. నాసోంటి చిరుగు ఉన్నోళ్ళు 146 మంది, 35 నుంచి 65 ఏండ్లోళ్ళు, అందర్ని థియేటర్‌కు తీస్కపోయిన్రు, అందరి మోకాల్లకు కెమెరా పెట్టి చూసిన్రు, సగం మందికి చిరుగు కత్తిరిచ్చిన్రు, మిగిలినోళ్ళకు కత్తిరిచ్చినట్టు యాక్టింగ్ చేసిన్రు. పనిముట్లు అడుగుడు, సప్పుడు చేసుడు, బ్లేడు లేని మిషన్‌ను మోకాలు చిప్పకు ఒత్తుడు, అన్ని అయినయ్. 2013ల రిజల్ట్ బయటపెట్టిన్రు, ఏడాదికి రెండు జట్లకు ఫరక్ లేదు.

నేను ఈ పద్ధతిని తీవ్రంగ ఖండిస్తున్న. మా దగ్గర ఇట్ల చేస్తె ఊకుంటరా? కొయ్యకుంటనే కోసినమన్నరని దవాఖాన ముందల టెంటేస్తరు. నొప్పి తగ్గింది గదనే అంటె, అది వేరే ముచ్చట, బిల్లు సంగతి చెప్పున్రి అంటరు.

ఆఖరికి నాకు దొరికిన వైద్యం ఏందంటె, తువ్వాల చుట్టి మోకాలు కింద పెట్టి తొడ బిగబట్టుడు, పది లెక్కబెట్టుడు, వదులుడు. ఇది దినాం మూడు పూటల. బరువు ఆరు కిలోలు తగ్గాలె. కింద కూసునుడు లేదు. ఇందుల ఏమన్న ఇజ్జత్ ఉన్నదా చెప్పున్రి. ఆపరేషన్ అంటె కట్టు ఉంటది, కర్ర ఉంటది, ఆఫీసుల లీవు ఉంటది, పొద్దుందాక ఫోన్లొస్తయ్. తువ్వాలకు ఎవలు ఫోన్ చేస్తరు?

అయినా చూడనీకి వచ్చిన్రు. మొన్న ఆదివారం కాజీపేట నుంచి మా చిన్నమ్మ, చేతిల డజను బత్తాయిల సంచి. కట్టు కోసం ఒక కాలు చూసింది, రెండో కాలు చూసింది. "ఏ కాలు బిడ్డా?" అన్నది. కుడిది అని చెప్పిన. "కొయ్యలేదా?" లేదు చిన్నమ్మ, ఎక్సర్‌సైజ్ చెప్పిన్రు. జెరసేపు తువ్వాల దిక్కు చూసింది, మేనత్త తెచ్చిపెట్టిన సకినాలు రెండు తిన్నది, చాయ తాగింది. పొయ్యేటప్పుడు సంచిల నుంచి ఆరు బత్తాయిలు తీసి టీపాయ్ మీద పెట్టి, మిగిలిన ఆరు ఆటోల పెట్టుకోని పోయింది.