తనంతట తానే సర్దుకుంటుందట!

రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. తెల్లారినా కోపం దిగలేదు, ఇక్కడ కక్కేస్తున్నా.

మా సిస్టమ్ పరిస్థితిని బట్టి తనే సర్దుకునే రకం. లోడ్ పెరిగితే సర్వర్లు పెంచుకుంటుంది, తగ్గితే తగ్గించుకుంటుంది. చెప్పుకోవడానికి భలే ఉంటుంది. రాత్రి డేటాబేస్ నెమ్మదించింది. జవాబు కోసం సర్వర్లన్నీ నోరు తెరుచుకుని కూర్చున్నాయి. ఊరికే కూర్చున్నదానికి సీపీయూ ఏం ఖర్చవుతుంది? పన్నెండు శాతం. సర్వర్లను పెంచి తగ్గించే మన మేధావి ప్రోగ్రామ్, ఆటోస్కేలర్, ఆ అంకె చూసి, అబ్బే వీళ్లకి పనేం లేదని సగం సర్వర్లను ఇంటికి పంపేసింది! క్యూ ఎంత పొడవుందో, యూజర్ ఎన్ని సెకన్లు ఎదురు చూస్తున్నాడో దానికి అనవసరం. సీపీయూ ఒక్కటే దాని లోకం.

మిగిలిన సర్వర్ల మీద రీట్రైల వాన మొదలైంది. మా యాప్ ఫెయిలైతే సెకనుకోసారి మళ్లీ తలుపు కొడుతుంది. అన్ని ఫోన్లూ ఒకేసారి. ప్రతిసారీ విరామం రెట్టింపు చెయ్యండి, అందులో కాస్త అటూ ఇటూ తేడా పెట్టండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఇదేమన్నా కొత్త విషయమా? 1986లో ఇంటర్నెట్ ఇలాగే గడ్డకట్టింది. బర్కిలీలో 400 గజాల దూరానికి సెకనుకు 32 వేల బిట్లు పోయే లింకు 40 బిట్లకు పడిపోయింది. రద్దీ కనబడితే వెనక్కి తగ్గాలని అక్కడి పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లోనే రాసిపెట్టాడు. మీ ఫోన్లో నెట్ మీద డేటా పంపే పద్ధతి, టీసీపీ, ఇప్పటికీ అదే చేస్తోంది. దాని నెత్తిన మనం పెట్టిన యాప్‌కి మాత్రం ఆ బుద్ధి లేదు.

అసలు నా మంట ఆటోస్కేలర్ మీద కూడా కాదు. "సెల్ఫ్ హీలింగ్", అంటే సిస్టమ్ తన జబ్బు తనే నయం చేసుకుంటుంది అని స్లైడ్లు వేసిన మహానుభావుడి మీద. ఆయన హీలింగ్ ఏంటో తెలుసా? మెమరీ లీక్ అవుతుంది, అంటే వాడి వదలాల్సిన మెమరీ వదలక పేరుకుపోతుంది, బాగుందా లేదా అని చూసే హెల్త్ చెక్ నాలుగు గంటలకోసారి ఫెయిలవుతుంది, సర్వీస్ చచ్చి మళ్లీ పుడుతుంది. రెండేళ్లుగా ఇదే వైద్యం. లీక్ వెతకడానికి వారం అడిగితే, "సిస్టమే చూసుకుంటోంది కదా, నీకెందుకు టెన్షన్?" అన్నారు. ఆ స్లైడ్లకే ప్రమోషన్ వచ్చింది. అప్పటి నుంచి రాత్రిళ్లు ఫోన్ ఎత్తాల్సినవాళ్ల ఆన్-కాల్ లిస్టులో ఆయన నంబరు లేదు. నాది ఉంది.

రాత్రి నేను చేసిన మొదటి పని ఆటోస్కేలింగ్ ఆపేయడం. తర్వాత డేటా అడుగుతూ డేటాబేస్‌ను పీక్కుతింటున్న క్వెరీని చంపి, సర్వర్లను చేత్తో లెక్కపెట్టి లేపాను. నాలుగయింది.

పొద్దున ఆయన గ్రూపులో డ్యాష్‌బోర్డు ఫొటో పెట్టాడు. పచ్చటి గీత. కింద "మనుషుల ప్రమేయం లేకుండా కోలుకుంది" అని రాసి, రెండు చప్పట్లు. ఆరుగురు లైక్ కొట్టారు. అందులో ఒకడు రాత్రి నాతో పాటు కాల్‌లో ఉన్నవాడే.