అనంతపురానికి తీర రహదారి ఎప్పుడు?

1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు, ఆ పెద్దల మీద నాకు గౌరవమే. కృష్ణా తుంగభద్రల నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు, రాజధానో హైకోర్టో ఏదో ఒకటి ఇటు రావాలన్నారు. అంత ముందుచూపు ఉన్నవారు సముద్రం మాట మాత్రం ఎత్తలేదు. ఆ మతిమరుపు ఫలితం ఇప్పుడు మన రోడ్ల పేర్లలో కనిపిస్తోంది.

విశాఖవాళ్లకు భీమిలి దాకా బీచ్ రోడ్డు ఉంది. చెన్నైకి ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ముంబైకి మెరైన్ డ్రైవ్ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కొండలు తొలిచి వేసిన దారికి ఏకంగా గ్రేట్ ఓషన్ రోడ్డు అని పేరు పెట్టారు. వింటేనే కారు అద్దం దించుకోవాలనిపిస్తుంది. మరి మనకు? పాత బైపాస్, కొత్త బైపాస్. పాత బైపాస్ అంటే ఊరిని తప్పించుకు పోదామని వేస్తే ఊరే వెంటపడి వచ్చి చుట్టూ కాపురం పెట్టిన రోడ్డు. రింగు రోడ్డు అంటే భూసేకరణ దగ్గర ఆగిపోయి కొడవలి ఆకారంలో స్థిరపడినది. వంద అడుగుల రోడ్డులో అటు ఇరవై టీ కొట్లవి, ఇటు ఇరవై నిలిపిన బండ్లవి, నడుమ ఎన్ని మిగులుతాయో ఆవులు నిర్ణయిస్తాయి.

మన పూర్వులకు పేర్ల కరువు లేదు. మనిషి నడిస్తే కాలిబాట, ఎడ్లు నడిస్తే బండ్లబాట, కొండల సందున దూరితే కనుమ, చేల మధ్య వంకర్లు పోతే డొంక. వీటిలో ప్రభుత్వ కార్యాలయాల దాకా చేరుకున్నది డొంక ఒక్కటే. అక్కడ మన అర్జీలకు వచ్చే జవాబుల్లో అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

అధికారిక వర్గీకరణ వేరే. 1943లో నాగపూర్‌లో ఇంజనీర్లు సమావేశమై దేశంలోని రోడ్లన్నిటినీ ఐదు తరగతులు చేశారు: జాతీయ, రాష్ట్ర, ప్రధాన జిల్లా, ఇతర జిల్లా, గ్రామ రోడ్లు. అందులో సముద్రం ఊసు లేకపోతే పోనీ, మన జిల్లాలో ప్రతి పంటకూ పుట్టే ఆరో తరగతి కూడా లేదు. అదే కళ్లం రోడ్డు. ఉలవ కట్టెనో కొర్ర వెన్నులనో తారు మీద ఫర్లాంగు పొడవునా పరుస్తారు. బస్సు తొక్కుతుంది, లారీ తొక్కుతుంది, చక్రాల కింద కాయలు చిటపటమని పగులుతాయి. రైతు వేపచెట్టు నీడలోంచి లేచి వచ్చి, కొంకికర్రతో కట్టెను తిరగేసి, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. మోటారు సైకిలు మీద వచ్చినవాడు కాళ్లు రెండూ నేలకు ఆనించి, గింజలకు నమస్కరిస్తున్నట్టు వంగి, మెల్లగా దాటుకుంటాడు. ఖజానాకు పైసా ఖర్చు లేకుండా రాకపోకలూ నూర్పిడీ ఒకేచోట జరిగే ఇంతటి ఏర్పాటుకు నాగపూర్ ప్రణాళికలో చోటు దక్కలేదు.

టోలుగేటు దగ్గర అలిగేవారికి కూడా ఒక మాట చెప్పాలి. రహదారి పారసీ నుంచి వచ్చిన మాట. మొగలుల కాలంలో రాహదారీ అంటే దారిన పోయే సరుకు మీద వసూలు చేసిన సుంకం. ఔరంగజేబు దాన్ని రద్దు చేసినా వసూళ్లు పూర్తిగా ఆగలేదంటారు చరిత్రకారులు. కాబట్టి 44వ జాతీయ రహదారి మీద మనం కట్టేదే అసలు రహదారి. కింద ఉన్న తారు దాని మీద ఇచ్చే కొసరు.

ఇక అసలు డిమాండుకు వస్తాను. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కడపవాళ్లను అడిగితే అబుదాబిలో, దోహాలో సముద్రం పక్కన పోయే అందమైన రోడ్డును కార్నిష్ అంటారని చెబుతారు. అది ఫ్రెంచి మాట. కొండ చరియను అంచులా చెక్కి, కింద సముద్రం కనబడేలా వేసిన దారి అని అర్థం. నీస్ నుంచి మొనాకో వైపు అలాంటివి ఒకదాని మీద ఒకటి మూడు ఉన్నాయి, అన్నిటికన్నా పైది నెపోలియన్ వేయించినది. అబుదాబిలో మాత్రం నేల చాప పరిచినట్టు ఉంటుంది, చరియ అన్నదే లేదు. అయినా పేరు దక్కింది. కొండ లేని చోట కార్నిష్ ఉండగా సముద్రం లేని చోట ఎందుకు ఉండకూడదో నాకు ఎవరైనా చెప్పాలి. కొండ మనకు ఉంది. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కండి. సముద్రం తప్ప అన్నీ ఉన్నాయి, పాలకోవాతో సహా.

పైగా సముద్రం లేదన్నది కూడా గిట్టనివారి ప్రచారమే. కడప బండ ఎక్కడిది? వంద కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ సముద్రం ఉండేది. వేంపల్లె సున్నపురాళ్లలో నాటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చిన గుర్తులు నేటికీ ఉన్నాయి. కోస్తావాళ్లకు సముద్రపు ఒడ్డు దక్కింది. మనం ఏకంగా దాని అడుగును కోసి, నునుపు చేసి, వంటింట్లో పరుచుకున్నాం.

అంత వెనక్కి పోవడం ఇష్టం లేకపోతే పద్నాలుగో శతాబ్దం చాలు. విజయనగర రాజుల నాడు తవ్విన చెరువు పేరు మీద అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. గండి పడినప్పుడు ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చి నిలబెట్టిందని ఈ కట్ట గురించే చెప్పుకుంటారు. పొరుమామిళ్లలో అనంతరాజసాగరం ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల మీద నిలబడి చెరువును సముద్రమని పిలవగలిగినవారి ధైర్యానికి, ఆ కట్ట మీది రోడ్డును తీర రహదారి అని పిలవలేని మన పిరికితనానికి పోలికే లేదు.

పొరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క చెప్పారు. ఇప్పుడు రెండేళ్లు శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలో తేలడానికే సరిపోవు. మంచి చెరువుకు 12 అంగాలు, చెడ్డదానికి 6 దోషాలు కూడా ఆ శాసనం వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల వంటివాటితో పాటు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం కూడా ఒక దోషమట. రాయించినవారు ద్రష్టలు. ఈనాడు కట్ట ఒక శాఖది, దాని మీది తారు ఇంకో శాఖది. గుంత తారులో ఉందా, కట్టలో ఉందా అన్నది తేలేదాకా రెండు రాజ్యాలూ లేఖలు రాసుకుంటాయి, సర్కారు తుమ్మ మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా రెండు వైపుల నుంచీ రోడ్డును ఆక్రమిస్తుంది.

అందుచేత అడిగేది తక్కువే. చెరువుకట్టల మీది రోడ్లన్నిటికీ వెంటనే తీర రహదారి హోదా ప్రకటించాలి. నిధులు అక్కర్లేదు, బోర్డులు చాలు. సాయంత్రం గాలికి కూర్చోవడానికి కడప బండతో అరుగులు వేయాలి, అవి ఎటూ సముద్రానివే. ఒడ్డున కాపలా కాసే ఈతగాళ్ల ఉద్యోగాలు నూటికి నూరు స్థానికులకే ఇవ్వాలి. ఈత పరీక్ష చెరువు నిండిన ఏడాది పెట్టుకోవచ్చు, అప్పటిదాకా నియామకాలు తాత్కాలికంగా పరిగణించాలి. పదవీ విరమణ వయసు ముందు వస్తే పింఛను ఇవ్వాలి.