టామీ జాన్ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు

1974 జులై 17. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్, మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్ల మధ్య బేస్‌బాల్ మ్యాచ్. డాడ్జర్స్ ఎడమచేతి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు) టామీ జాన్‌కి అప్పుడు 31 ఏళ్లు. ఆ సీజన్‌లో అప్పటికి 13 గెలుపులు, 3 ఓటములతో మంచి ఊపు మీదున్నాడు. ఒక బంతి వేయగానే ఎడమ మోచేతిలో ఏదో తెగినట్టు అనిపించింది. చేయి పట్టు తప్పిపోయింది. మోచేయి లోపలివైపు ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగిపోయిందని తర్వాత తేలింది. ఆ రోజుల్లో అలాంటి గాయమైతే పిచ్చర్ ఆట అక్కడితో ముగిసినట్టే.

డాడ్జర్స్ జట్టు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అప్పటిదాకా ఎవరూ చేయని పని చేశాడు. పోలియో రోగులకు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తంతువు) మార్పిడి చేసిన అనుభవం ఆయనకు ఉంది. సెప్టెంబర్ 25న జాన్ కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, వాటిలోంచి దాన్ని ఎక్కించి బిగించాడు. బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతే అని ముందే చెప్పాడు. 1975 సీజన్ మొత్తం జాన్ ఆడలేదు. నరం దెబ్బతిని చేతివేళ్లు ముడుచుకుపోతే రెండో ఆపరేషన్ కూడా అవసరమైంది. 1976లో తిరిగొచ్చి 10 మ్యాచ్‌లు గెలిచాడు. మరుసటి ఏడాది 20.

ఆ ఆపరేషన్‌కు అతని పేరే స్థిరపడింది. ఈ కథ అమెరికాలో అందరికీ తెలుసు. కానీ ఇది ఇక్కడితో ఆగిపోతుంది. పేషెంట్‌గా టామీ జాన్ అందరికీ గుర్తున్నాడు, పిచ్చర్‌గా టామీ జాన్‌ను మరిచిపోయారు. బేస్‌బాల్ ఈరోజు పిచ్చర్ల గాయాలతో పడుతున్న అవస్థకు మూలం ఈ మరుపులోనే ఉందని నా అభిప్రాయం.

అతని కెరీర్ లెక్కలు చూడండి. 1963 నుంచి 1989 వరకు, ఆడలేకపోయిన 1975ను వదిలేస్తే, 26 సీజన్లు. ఆఖరి మ్యాచ్ నాటికి 46 ఏళ్లు. బేస్‌బాల్‌లో జట్టు గెలుపును నిబంధనల ప్రకారం ఒక పిచ్చర్ ఖాతాలో రాస్తారు. అలా అతని ఖాతాలో 288 గెలుపులున్నాయి. గాయానికి ముందు 124, ఆపరేషన్ తర్వాత 164. సీజన్‌కు 20 గెలుపులు దాటడమో, అందుకోవడమో పిచ్చర్‌కి గొప్ప గౌరవం. ఆ గౌరవం అతనికి మూడుసార్లు దక్కింది: డాడ్జర్స్ తరఫున 1977లో 20, న్యూయార్క్ యాంకీస్ తరఫున 1979లో 21, 1980లో 22. మూడూ ఆపరేషన్ తర్వాతే. మేజర్ లీగ్ ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో గెలుపు మాత్రం అందలేదు. 1977, 78ల్లో డాడ్జర్స్‌లో ఉండి యాంకీస్ చేతిలో ఓడాడు. 1981లో యాంకీస్‌లో ఉండి డాడ్జర్స్ చేతిలో ఓడాడు.

మరి ఇదంతా ఎలా సాధించాడు? వేగంతో కాదు. అతని ఆయుధం సింకర్. బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందికి జారిపోయే బంతి అది. దాన్ని కొడితే సాధారణంగా నేల మీద దొర్లుతూ పోతుంది, ఫీల్డర్లు అందుకుని అవుట్ చేస్తారు. బేస్‌బాల్ మ్యాచ్‌లో సాధారణంగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. 4,710 ఇన్నింగ్స్‌లో అతను తీసిన స్ట్రైకౌట్లు (బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే బ్యాటర్‌ను అవుట్ చేయడం) 2,245. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు నాలుగు చిల్లర. ఈరోజు మేజర్ లీగ్ సగటే ఎనిమిది దాటింది. బ్యాటర్‌ను నిస్సహాయుణ్ని చేయాలని అతను ప్రయత్నించలేదు. కొట్టనిచ్చాడు, కాకపోతే బలహీనంగా కొట్టేలా చూసుకున్నాడు. తిరిగొచ్చే దారిలో సహచరుడు మైక్ మార్షల్ సాయంతో బంతి వేసే తీరును కూడా మార్చుకున్నాడు. శరీర కదలికల శాస్త్రం చదువుకున్న మనిషి మార్షల్. ముప్పై దాటిన వయసులో, ఎన్నో ఏళ్లుగా అలవాటైన కదలికను విప్పి మళ్లీ కట్టుకోవడానికి ఎంత ఓపిక కావాలి! నన్నడిగితే సర్జరీ ఎంత గొప్పదో ఈ ఓపికా అంత గొప్పది.

ఇప్పుడు పరిస్థితి చూద్దాం. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 92 మైళ్ల లోపు ఉండేది, 2024 నాటికి 94 దాటింది. రెండు, మూడు మైళ్లే కదా అనిపించవచ్చు. కానీ బంతి వేసే ప్రతిసారీ మోచేతి లోపలి లిగమెంట్ మీద పడే లాగుడు, అది ఒంటరిగా తట్టుకోగల హద్దును దాటిపోతుంటుంది. చుట్టూ ఉన్న కండరాలు కొంత భారం మోస్తాయి కాబట్టే అది నిలుస్తోంది. అలాంటి చోట చిన్న పెరుగుదల కూడా చిన్నది కాదు. పైగా అది సగటు. గంటకు 100 మైళ్లు వేసేవాడు ఒకప్పుడు అరుదు, ఇప్పుడు చాలా జట్లలో ఉన్నాడు.

పిచ్చర్ల గాయాల మీద మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. 200 మందికి పైగా నిపుణులతో మాట్లాడి తయారుచేశారు. కారణాలు దాపరికం లేకుండా చెప్పారు: వేగం కోసం పరుగు, బంతి మరింత తిరిగేలా, జారేలా చేయాలన్న తపన, ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం. మేజర్ లీగ్, దాని కింది స్థాయి మైనర్ లీగ్‌లు కలిపి టామీ జాన్ ఆపరేషన్లు 2010లో 104 అయితే 2024లో 281. ఈ లెక్క చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. కారణం తెలిసి, ఏటా సంఖ్య తెలిసి, ఆపే ప్రయత్నం మాత్రం నెమ్మదిగా సాగుతోంది.

ఎందుకంటే డబ్బు వేగం వెంటే ఉంది. బంతి వేగం కొలిచే రాడార్ గన్ చూపించే అంకెను బట్టి కుర్రాళ్లను ఎంపిక చేస్తారు. జట్లు ఒకే మ్యాచ్‌లో వరసగా కొత్త పిచ్చర్లను దించుతాయి కాబట్టి, మ్యాచ్ మొదలుపెట్టే మొదటి పిచ్చర్ సగటున ఐదు ఇన్నింగ్స్ చిల్లర వేస్తే చాలనుకుంటున్నాయి. శక్తి దాచుకుని ఎక్కువసేపు వేయడం ఎవరూ అడగని నైపుణ్యమైపోయింది. జేకబ్ డిగ్రామ్ కెరీర్‌నే తీసుకోండి. ఈ తరం గొప్ప పిచ్చర్లలో ఒకడు. 2022 డిసెంబర్‌లో టెక్సస్ రేంజర్స్ అతనితో అయిదేళ్లకు 185 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. తర్వాతి సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడాక మోచేతికి రెండోసారి ఆపరేషన్. తిరిగొచ్చాక, 2025లో వేగం కాస్త తగ్గించుకుని పూర్తి సీజన్ ఆడగలిగాడు.

ఆపరేషన్‌ను నేను తక్కువ చేయడం లేదు. డాడ్జర్స్ పిచ్చర్ సాండీ కోఫాక్స్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి, మోచేతి నొప్పి భరించలేక ఆ ఏడాదే 30 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. ఆనాటి వైద్యం అతనికి ఇవ్వగలిగింది ఇంజెక్షన్లూ మందులే. మరో పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్‌కు 37 ఏళ్ల వయసులో ఆపరేషన్ జరిగితే, 39వ ఏట 18 గెలుపులు, 4 ఓటములతో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. ఇది జోబ్ పెట్టిన భిక్ష. అయితే రిపేరు ఉంది కదా అన్న ధీమాతో చేతులను అరగదీయడం వేరే సంగతి.

ఈ ధీమా పిల్లల దాకా పాకింది. 2007 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన ఈ ఆపరేషన్లను పరిశీలిస్తే, సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వాళ్లవేనని ఒక అధ్యయనం తేల్చింది. గాయం లేకపోయినా ఈ ఆపరేషన్ చేయించుకుంటే ఆట మెరుగవుతుందని నమ్మే హైస్కూల్ ఆటగాళ్లు సుమారు సగం మంది ఉన్నట్టు 2012లో మరో సర్వే బయటపెట్టింది. తలచుకుంటేనే భయమేస్తుంది. 2014లో మేజర్ లీగ్, ఆ దేశపు బేస్‌బాల్ సంఘం యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో హద్దులు పెట్టాయి: 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు దాటకూడదు, 17, 18 ఏళ్లవాళ్లు 105 దాటకూడదు, ఏడాదిలో కొన్ని నెలలు బంతే ముట్టకూడదు. కానీ ఒకే పిల్లాడు స్కూల్ జట్టుకూ, వారాంతం టోర్నీల జట్టుకూ ఆడితే ఈ లెక్క ఎవరు కలుపుతారు? తల్లిదండ్రులే కలపాలి. అమెరికాలో పిల్లల్ని ఈ ఆటలో చేర్పిస్తున్న మన తెలుగు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. బౌలర్ల నడుము నొప్పుల గురించి క్రికెట్ ద్వారా మనకు తెలుసు. వంచిన మోచేతిని కొరడాలా విసరడం క్రికెట్ బౌలింగ్‌లో లేదు కాబట్టి ఈ ప్రమాదం మనకు కొత్త.

మేజర్ లీగ్ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జట్టులో 13 మందికి మించి పిచ్చర్లు ఉండకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ సంఖ్యను ఇంకా తగ్గిస్తే మొదటి పిచ్చర్‌ను ఎక్కువసేపు ఆడించక తప్పదు. ఎక్కువసేపు ఆడాలంటే అతను ప్రతి బంతినీ ప్రాణం పెట్టి విసరలేడు. సింకర్ లాంటి బంతులకు మళ్లీ ధర పలుకుతుంది. జట్లు ఒప్పుకోవని తెలుసు, అయినా ఒత్తిడి తేవాల్సింది అక్కడే.

బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే, కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు టామీ జాన్‌కి ఇంకా తెరుచుకోలేదు. జర్నలిస్టుల ఓటింగ్‌లో 2009 నాటి ఆఖరి అవకాశంలో కూడా మూడో వంతు ఓట్లు రాలేదు. 2024 డిసెంబర్‌లో పాత తరం ఆటగాళ్లను చూసే కమిటీ కూడా ఎంపిక చేయలేదు. ఆ కమిటీ మళ్లీ కూర్చునేది 2027 డిసెంబర్‌లో. అప్పుడైనా ఆపరేషన్ ఫైలు పక్కన పెట్టి, సింకర్ నమ్ముకుని 46 ఏళ్ల వరకు నిలిచిన ఆ ఎడమచేతి పిచ్చర్ స్కోరుకార్డులు తెరవాలి.